గాలికుంటు టీకా - సహకార ఫలం

(ఉంగుటూరులో జరిగిన పాల ఉత్పత్తిదారుల సంఘాల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు గారు చేసిన ప్రసంగ పాఠం)



సహకార సూత్రాల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. ఆ సూత్రాలు మీకు కొత్త కావు. ప్రతి మహాజన సభలోనూ వింటూనే ఉన్నారు. అందుచేత ఈసారి వాటిని మరొక చోట ఆచరణలో చూపించదలిచాను. ఆ చోటు విశ్వవిద్యాలయంలోని వైరాలజీ ప్రయోగశాల. అంటే వైరసుల మీద పరిశోధన జరిగే చోటు. పాల సంఘానికీ, ఆ గాజుసీసాల గదికీ ఏమి చుట్టరికమని మీరు అడగవచ్చు. ఆరు నెలలకొకసారి మన గేదెలకు వేసే గాలికుంటు టీకాయే ఆ చుట్టరికం.

నేను పశువైద్యుణ్ణి కాను, శాస్త్రవేత్తను అంతకన్నా కాను. సహకార డిప్లొమా చదువుకుని, సంఘాల రిజిస్టర్లు తిరగేస్తూ తల నెరిసినవాణ్ణి. కాబట్టి చదివి తెలుసుకున్న ఈ సంగతులను లెక్కలు చూసే మనిషి కంటితోనే చెబుతాను.

కంటికి కనబడని శత్రువు

గాలికుంటు ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. నోటివెంట చొంగ, నాలుక మీద బొబ్బలు, గిట్టల మధ్య పుండ్లు, ముందు వేసిన గడ్డి ముట్టని పశువు. పెద్ద పశువులు చావడం తక్కువే. లేగదూడలకు మాత్రం గుండెకు సోకి చూస్తుండగానే కూలిపోతాయి. చూడి పశువు ఈసుకుపోవచ్చు. బతికిన పశువుకు పాలు పడిపోతాయి. ఆ ఈతలో పూర్వపు పాలు మళ్లీ రావడం కష్టం. కొన్నిటికి ఎండ తగిలితే చాలు, రొప్పు మొదలవుతుంది. చావు నష్టం ఒక్కరోజు కనబడుతుంది. ఈ నష్టం మాత్రం నెలల తరబడి పూటపూటా క్యానులో కనబడుతుంది.

ఈ వ్యాధికి కారణం కనిపెట్టిన వారు ఇద్దరు. 1897లో జర్మనీ ప్రభుత్వ వర్గాలు ఈ పని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు ఫ్రీడ్రిక్ లోఫ్లర్‌కు అప్పగించాయి. ఆయనతో పాటు పాల్ ఫ్రోష్ కలిసి పనిచేశారు. జబ్బుపడిన పశువుల బొబ్బల్లోని నీరు తీసి, సూక్ష్మజీవులను ఆపగల వడపోత గొట్టం గుండా వడగట్టారు. వడిసిన నీటిలో ఏ సూక్ష్మజీవీ లేదు. అయినా ఆ నీరు ఎక్కించిన దూడలకు వ్యాధి వచ్చింది. అది ఏదైనా విషమా అన్న సందేహం వచ్చింది. విషమైతే ఒక దూడ నుంచి మరొక దూడకు పోయేకొద్దీ పలచబడిపోవాలి. ఇది పలచబడలేదు, ప్రతి దూడలోనూ పెరిగింది. అంటే సూక్ష్మజీవి కన్న చిన్నదేదో ఉన్నదని 1898లో వారు ప్రకటించారు. పశువులలో కనుగొన్న మొట్టమొదటి వైరస్ అదే. ఒక మిల్లీమీటరు గీత మీద 30,000కు పైగా వరుసగా పట్టేటంత చిన్నది. వైరాలజీ అనే శాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటి మన కొట్టంలోని జబ్బేనని పాడి రైతులుగా మీరు గుర్తుంచుకోవాలి.

ఒకరి వల్ల కాని పని

కారణం తెలిసింది గాని టీకా వెంటనే రాలేదు. టీకా తయారు చేయాలంటే ముందు వైరస్‌ను పెద్ద ఎత్తున పెంచాలి. తరువాత దానిని మందుతో చంపి, పశువుకు ఎక్కించాలి. పాలలో తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగవుతుంది, తోడులోని సూక్ష్మజీవులు పాలలోనే పెరుగుతాయి గనుక. వైరస్‌కు అలా కుదరదు. దానికి బతికి ఉన్న కణం కావాలి. మొదట్లో దీనికోసం పశువులకే కావాలని జబ్బు అంటించేవారు. 1940లలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫ్రెంకెల్ అనే శాస్త్రవేత్త కబేళా నుంచి ఆరోగ్యమైన పశువుల నాలుకలు తెప్పించి, వాటి పైపొరను బతికించి ఉంచి అందులో వైరస్‌ను పెంచారు. అది గొప్ప మెట్టే. కాని అన్ని దేశాల పశువులకూ చాలేటన్ని నాలుకలు ఎక్కడ దొరుకుతాయి?

ఆ చిక్కుముడి స్కాట్‌లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయ వైరాలజీ ప్రయోగశాలలో విడిపోయింది. అక్కడి ఆచార్యులు మైకేల్ స్టోకర్. బ్రిటన్‌లో వైరాలజీకి మొదటి ఆచార్య పదవి ఆయనదే. ఆయన సహచరులు ఇయాన్ మాక్‌ఫెర్సన్. వారు పరిశోధిస్తున్నది గాలికుంటు కానే కాదు, కంతులు పుట్టించే మరొక వైరస్. దానికోసం 1961 మార్చిలో హామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువు ఒక్కరోజు పిల్లలను అయిదింటిని తీసుకుని, వాటి మూత్రపిండాల కణాలను గాజుసీసాలలో పెంచారు. ఆ కణాలు ఆగకుండా పెరిగే గుణం సంపాదించుకున్నాయి. అందులో ఒకే ఒక్క కణం నుంచి ఒక సంతతిని వేరుచేశారు. దాని పేరు బి.హెచ్.కె.-21. ఒక్క పెయ్య నుంచి ఊరంతా నిండిన మంద వంటిదన్న మాట.

ఆ కణాలు గ్లాస్గో గోడల మధ్యే ఉండిపోయి ఉంటే మనకు ఒరిగేదేమీ లేదు. అవి ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ పశువ్యాధి పరిశోధన కేంద్రానికి చేరాయి. అక్కడ మోవట్, చాప్‌మన్ అనే ఇద్దరు 1962లో వాటిలో గాలికుంటు వైరస్ బాగా పెరుగుతుందని చూపించారు. అదే ఏడు కాప్‌స్టిక్ బృందం ఆ కణాలను గాజుకు అంటుకోకుండా, ద్రవంలో తేలుతూ పెరిగేటట్లు చేసింది. దాంతో సీసాలు పోయి పెద్ద స్టీలు తొట్లు వచ్చాయి. మన బల్క్ కూలరులో పాలను కలియబెట్టినట్లు కణాలను కలియబెడుతూ పెంచే పద్ధతి స్థిరపడింది. మన దేశంలో 1982లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి హైదరాబాదులో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ గాలికుంటు టీకా తయారు చేసేది కూడా ఈ కణాలతోనే. కంతుల పరిశోధనకు పెంచిన కణాలు మన గేదెల టీకాకు ఆధారమయ్యాయంటే, దొరికిన దానిని దాచుకోకుండా పంచుకోవడమే కారణం.

ప్రయోగశాల రిజిస్టర్లు

ఇక అటువంటి గదిలో పని ఎలా జరుగుతుందో గమనించండి. ఒకరు కణాలను పెంచుతారు. రోజూ చూసి, వాటి ఆహార ద్రవం మారుస్తూ, పశువు ఒంటి వేడి తగ్గకుండా కాపాడతారు. మరొకరు వైరస్‌ను చూస్తారు. ఇంకొకరు గాజు సామాను కడిగి, ఉడకబెట్టి, ఆరబెడతారు. కడిగిన సీసాలో సబ్బు మిగిలితే కణాలు చస్తాయి. గాలిలోని సూక్ష్మజీవి ఒక్కటి లోపల పడితే వారాల శ్రమ ఒక్క రాత్రిలో కుళ్లిపోతుంది. ఒక్క క్యాను పులిస్తే ట్యాంకరంతా విరిగిపోవడం మీకు తెలియనిది కాదు. అందువల్ల అక్కడ ఆచార్యుడి పని ఎంత ముఖ్యమో సీసా కడిగే మనిషి పని అంత ముఖ్యం.

ప్రతి సీసాకూ నంబరు, తేదీ, వేసిన వారి గుర్తు ఉంటాయి. వెన్న శాతం చూసే నమూనా సీసాల నంబర్లు తారుమారైతే ఒకరి డబ్బు ఒకరికి పోతుంది. అక్కడ నంబరు తారుమారైతే ఓ రకం వైరస్ అనుకుని ఎ రకానికి టీకా చేస్తారు. ఒకరు చేసిన ప్రయోగం మరొకరు మళ్లీ చేసి చూస్తారు. దానిని ఎవరూ అవమానంగా భావించరు. మన భాషలో అది ఆడిట్.

లాభం పంపకం సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ ఎండర్స్ అనే పెద్దాయన, థామస్ వెల్లర్, ఫ్రెడరిక్ రాబిన్స్ అనే ఇద్దరు చిన్నవాళ్లతో కలిసి పనిచేశారు. ముగ్గురూ 1949లో పోలియో వైరస్‌ను నరాల కణాలతో పనిలేకుండా గాజు గొట్టంలో పెంచి చూపించారు. పోలియో వైరస్, గాలికుంటు వైరస్ ఒకే కుటుంబానికి చెందినవి. 1954లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఎండర్స్ తన ఇద్దరు సహచరులకూ సమాన భాగం ఉండాలని పట్టుబట్టారు. ముగ్గురికీ కలిపే ఇచ్చారు. బోనసు పంపకంలో తగాదాపడే సంఘాలకు ఈ సంగతి ఒకసారి చదివి వినిపించాలి.

పొత్తు చెడిన చోట

అంతా సవ్యంగానే జరుగుతుందని చెబితే అబద్ధమవుతుంది. ఇందాక చెప్పిన పిర్‌బ్రైట్ ఆవరణ నుంచే 2007 ఆగస్టులో గాలికుంటు వైరస్ బయటపడి, చుట్టుపక్కల పశువులకు సోకింది. ఆ ఆవరణను పరిశోధన సంస్థ ఒకటి, టీకా తయారీ సంస్థ ఒకటి కలిసి వాడుకునేవి. మధ్యలో పాత మురుగు గొట్టం. గొట్టం పాడయిందని తెలుసు. బాగుచేయించే ఖర్చు ఎవరు భరించాలన్నది తేలక ఏళ్లు గడిచాయని విచారణలో బయటపడింది. ఆ లోపల గొట్టం నుంచి కారిన నీరు మట్టిలో కలిసి, ఆ మట్టి వాహనాల చక్రాలతో రోడ్డెక్కి ఉండవచ్చునని తేల్చారు. ఇంత చదువుకున్న వాళ్లకు కూడా ఉమ్మడి కాలువ దగ్గర వచ్చిన తగువు ఇది. డ్రెయిను పూడిక ఎవరి వాటాలో తీయాలన్న వాదన వినని ఊరు మన కొల్లేటి సీమలో ఉన్నదా? బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేటిలోకి వచ్చి ఉప్పుటేరు గుండా పోవలసిందే. మధ్యలో ఎవరు అడ్డం వేసుకున్నా ముంపు అందరిదీ.

మన రాష్ట్రంలోనే మరొక సంగతి. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుసెనగ పైరు లక్షల ఎకరాలలో కాండం కుళ్లి ఎండిపోయింది. రైతులు గగ్గోలు పెట్టారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇతర సంస్థల వారితో కలిసి పరిశోధించి, అది పొగాకు పైరులో కనబడే ఒక వైరస్ అని గుర్తించారు. వయ్యారిభామ కలుపు మొక్కలో ఆ వైరస్ పైకి కనబడకుండా ఉంటుంది. దాని పుప్పొడితోనూ, తామర పురుగులతోనూ పక్క చేనుకు చేరుతుంది. అందుకు వారు చెప్పిన మార్గం ఏమిటి? గట్ల మీద వయ్యారిభామ పీకివేయాలి, చేను చుట్టూ జొన్న వంటి పైరు వరుసలు వేయాలి. ఒక రైతు పీకి, పక్క రైతు వదిలేస్తే ప్రయోజనం లేదు. శాస్త్రం కారణం చెప్పగలదు, గట్టు మాత్రం ఊరే బాగుచేసుకోవాలి.

మన దేశంలో జరుగుతున్న పని

గాలికుంటు వైరస్‌లో ప్రపంచం మొత్తం మీద ఏడు రకాలున్నాయి. ఒక రకానికి వేసిన టీకా మరొక రకాన్ని ఆపదు. మన దేశంలో టీకా వేసేది ఓ, ఎ, ఆసియా-1 అనే మూడు రకాలకు. ఏ ప్రాంతంలో ఏ రకం తిరుగుతున్నదో కనిపెట్టడానికి భారత వ్యవసాయ పరిశోధన మండలి 1968లోనే అఖిల భారత సమన్వయ పథకం ప్రారంభించింది. ఇప్పుడు దానికి కేంద్రస్థానం భువనేశ్వర్ దగ్గర అరుగుల్‌లోని జాతీయ సంస్థ. రాష్ట్రాల నుంచి నమూనాలు వెళ్లి, అక్కడ రకం తేలి, టీకాలోని వైరస్ దానికి సరిపోతున్నదా లేదా అని చూస్తారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీకి ప్రత్యేక శాఖే ఉంది. మనకు దగ్గరలో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. పాల డబ్బుతో చదువుకునే మన పిల్లలకు ఈ దారులు కూడా ఉన్నాయని తెలియజేయండి.

కాని ఆ నమూనా ఎక్కడ పుడుతుంది? మన కొట్టంలో పుడుతుంది. బొబ్బ చితికిన మొదటి రోజులలో డాక్టరు గారికి కబురు పెట్టిన రైతే ఆ ప్రయోగశాలకు మొదటి పనివాడు. సంతలో అమ్ముకునేదాకా జబ్బు దాచిన రైతు, నంబరు లేని సీసా వంటివాడు.

మన వంతు

2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఆవులకు, గేదెలకు ఆరు నెలలకొకసారి ఉచితంగా ఈ టీకా వేస్తున్నారు. 2030 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యం. అయ్యే పనేనా అని నవ్వేవారుంటారు. పెద్దరోగమని, ముసర అని మన తాతలు హడలిపోయిన జబ్బు ఏమైంది? టీకాలు వేసి, వెతికి, తరిమి, 1995 తరువాత మన దేశంలో లేకుండా చేశారు. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మనిషి పూనుకుని భూమి మీద లేకుండా చేసిన పశువ్యాధి అదొక్కటే. గాలికుంటు అంతకన్న మొండిది, రకాలు ఎక్కువ, టీకా బలం తొందరగా తగ్గుతుంది. అందుకే ఆరు నెలలకొకసారి వేయాలి, అందుకే ఊరందరూ కలవాలి.

నూటికి 80 పశువులకైనా రక్షణ ఉంటే గాని ఊళ్లో వ్యాధి ఆగదంటారు. 300 పశువులున్న ఊళ్లో అరవై మంది తలా ఒక్క పాడి గేదెను "రెండు పూటలు పాలు తగ్గుతాయి" అని దాచేశారనుకోండి. ఆ నూటికి 80 మీద ఇక మార్జిన్ లేదు. దూడలను కూడా మరిచిపోతే లెక్క తప్పినట్లే. రాజుగారి గుండిగలో అందరూ పాలు పోస్తారుగదా, నా చెంబుడు నీళ్లు ఎవరికి తెలుస్తాయనుకున్న వారి కథ చిన్నప్పుడు అందరం విన్నదే.

టీకా వల్ల కొన్ని పశువులకు ఒకటి రెండు రోజులు పాలు తగ్గడం, సూది వేసిన చోట వాపు రావడం నిజమే. అవి వాటంతట అవే సర్దుకుంటాయి. వ్యాధి వస్తే పోయే పాలు అలా సర్దుకోవు. "పోయినసారి వేయించినా వచ్చింది" అనే వారికి ఒక మాట. టీకా వేసిన తరువాత రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటికే లోపల జబ్బుంటే ఆపలేదు. దూడకు నాలుగు నెలల వయసులో మొదటిసారి, నెల తరువాత రెండోసారి తప్పనిసరి. ఒక్కసారితో సరిపెడితే చాలదు. మందును రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేడెక్కినా పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది. కనుక మందు పెట్టె చెట్టు నీడన ఉన్నదో, ఎండలో ఉన్నదో చూసే హక్కు, బాధ్యత సభ్యులకు ఉన్నాయి.

ప్రతి సంఘం ఈ క్రింది పనులు చేపట్టాలని నా మనవి.

పాలకవర్గం టీకా తేదీని తీర్మానం చేసి, మూడు రోజుల ముందు దండోరా వేయించాలి. కార్యదర్శి గారు పాలు పోసే వారి జాబితాతో పాటు, పాలు పోయని వారి పశువులను, వట్టిపోయిన వాటిని, దూడలను, దున్నలను కూడా రాసుకోవాలి. వైరస్‌కు మన సభ్యత్వ రిజిస్టరుతో పనిలేదు. చెవిపోగు మీది పన్నెండు అంకెలు ఎదురుగా రాస్తే తప్పిపోయినవి ఇట్టే తెలుస్తాయి. నిండు చూడితో ఉన్నవి, కొల్లేటి లోపలికి మేతకు తోలినవి మిగిలిపోతాయి. డాక్టరు గారు చెప్పిన ప్రకారం వాటికి మరొక రోజు పెట్టాలి.

జబ్బు కనబడితే పశువును వేరుగా కట్టి, అదే రోజు కబురు చేయాలి. ఉమ్మడి చెరువుకు తోలరాదు, సంతకు పంపరాదు. ఆ పాలు సంఘానికి పోయరాదు, కాచకుండా దూడకు పట్టరాదు. పది లీటర్ల నీటికి 400 గ్రాముల చాకలి సోడా కలిపి, ఆ నీటితో గోనెపట్టా తడిపి పాలకేంద్రం గుమ్మంలో వేయాలి. ఊళ్లోని చెప్పులు, క్యానులు అన్నీ కలిసేది అక్కడే.

చివరిది, ముఖ్యమైనది. జబ్బు ఉన్నదని చెప్పిన సభ్యుణ్ణి ఎవరూ నిందించవద్దు. నింద పడుతుందన్న భయం ఉన్న చోట ఎవరూ నిజం చెప్పరు. ముందు చెప్పినవాడు ఊరికి మేలు చేసినవాడు. అతని పాలు ఆగిన రోజులకు సంఘం ఏదైనా సహాయం చేయగలదా అని ప్రతి పాలకవర్గం ఆలోచించాలి. ఉపవిధులకు లోబడి అందుకు దారి ఏదైనా ఉంటే చూసిపెట్టడానికి నావంటి వారం సిద్ధంగా ఉన్నాము.

లోఫ్లర్, ఫ్రోష్ మొదలుకొని హైదరాబాదులో తొట్టి దగ్గర నిలబడి పనిచేసే కార్మికుని దాకా ఎందరో వరుసగా చేయి మార్చి మనకు అందించిన సీసా ఇది. వరుసలో చివరి మనిషి గేదె పలుపు పట్టుకుని నిలబడవలసిన మనమే. వచ్చే టీకా రోజున మీ సంఘంలో ఒక్క పశువు కూడా మిగలలేదన్న మాట మీ కార్యదర్శుల నోట వినాలని కోరుకుంటున్నాను.